పాత తాళానికి కొత్త చెవి



ఇంటి తాళంచెవి ఒకటి పోయింది. ఎక్కడ పోయిందో తెలీదు. బస్సు దిగేటప్పుడు జారిపడిందా, పెళ్ళి హడావిడిలో ఎవరి సంచిలోకైనా వెళ్ళిందా, లేక ఇంట్లోనే ఏ బియ్యం డబ్బా వెనకాలో పడి ఉందా... తెలీదు. ఇక ఆ రోజు నుంచి ఇంట్లో పరిస్థితి ఎలా ఉంటుందో మీకూ అనుభవమే అయి ఉంటుంది. పడుకోబోయే ముందు గడియ వేశామో లేదో రెండుసార్లు చూసుకుంటాం. రెండు రోజులు ఊరెళ్ళాలన్నా మనసొప్పదు.

అంతకంటే బాధ కలిగించేది ఇంకొకటుంది. మనకు తెలియకుండానే మన చూపు మనుషుల మీదికి మళ్ళుతుంది. పనిచేసే అమ్మాయి మొన్న అంత తొందరగా ఎందుకు వెళ్ళిపోయింది? రంగులేసిన కుర్రాడికి తాళంచెవి ఇచ్చాం కదా, తిరిగిచ్చాడా? పాత అద్దెవాళ్ళకి మూడు ఇచ్చామా, రెండా? ఏ పాపమూ ఎరుగని వాళ్ళను మనసులోనే నిలబెట్టి ప్రశ్నలు వేస్తుంటాం. వాళ్ళకి ఆ సంగతి తెలియదు. తెలిస్తే ఎంత నొచ్చుకుంటారు!

ఈ పూట నేను మీతో చెప్పాలనుకున్నది ఇదే. అలాంటప్పుడు మనుషుల్ని అనుమానించడం మానేసి, తాళాన్ని మార్చండి. మార్చడమంటే తలుపుకి కొత్తగా రంధ్రాలు తొలిపించి, వేలకు వేలు పోసి కొత్త తాళం వేయించడం కాదు. ఉన్న తాళానికే పాత చెవి పట్టకుండా, కొత్త చెవి పట్టేలా చేసుకోవడం. ఇది మీరే చేసుకోవచ్చు. మళ్ళీ చెబుతున్నాను, చాలా ఇళ్ళలో ఈ పనిని ఇంటివాళ్ళే చేసుకోవచ్చు. స్క్రూడ్రైవరు ఉండాలి, ఒక పూట తీరిక ఉండాలి.

తాళంచెవి పోయినప్పుడే ఈ అవసరం వస్తుందనుకోకండి. ఒకరు ఉండి వెళ్ళిన ఫ్లాటు కొనుక్కున్నారు. పాత యజమాని తాళాల గుత్తి మీ చేతిలో పెట్టాడు. మంచివాడే. కానీ ఆయన బావమరిది దగ్గర ఒకటుందని ఆయనకే గుర్తుండకపోవచ్చు. కొత్త ఇల్లు కట్టించారు. వడ్రంగి, కరెంటు పనివాళ్ళు, టైల్స్ వేసేవాళ్ళు, అందరి చేతుల్లోనూ ఆ చెవి తిరిగింది. అద్దెవాళ్ళు ఖాళీ చేశారు. ఇలాంటి ప్రతి సందర్భంలోనూ అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. ఈ తాళానికి చెవులు ఎన్ని ఉన్నాయో, ఎవరెవరి దగ్గర ఉన్నాయో నాకు కచ్చితంగా తెలుసా? తెలియదంటే, మార్చుకోవాల్సిందే.

సరే, ముందు మీ తాళం ఏ రకమో చూద్దాం. వినేవాళ్ళలో ఎవరికైనా వీలుంటే మీ తాళంచెవిని చేతిలోకి తీసుకోండి. పలకలా చదునుగా ఉండి, అంచు పొడవునా రంపపు పళ్ళలాంటి గంట్లు ఉన్నాయా? అయితే మీది పిన్నుల తాళం. ఈ రోజు మాట్లాడుకునేది దాని గురించే. అలా కాకుండా గుండ్రటి కాడ ఉండి, చివరన మాత్రమే పళ్ళు ఉన్నాయా? అది లివర్ల తాళం. పాత ఇళ్ళ తలుపులకూ, ఇత్తడి తాళం కప్పలకూ ఎక్కువగా ఉండేది అదే. అలీగఢ్‌లో, మన పక్కనున్న తమిళనాడులోని దిండిగల్‌లో తరాలుగా తయారవుతున్న తాళం కప్పల్లో చాలా వరకు ఈ రకమే. మంచి తాళాలు అవి. కానీ వాటి లోపలి రేకుల్ని ఇంట్లో కూర్చొని మార్చడం మనవల్ల అయ్యే పని కాదు. తాళం కప్పే అయితే కొత్తది కొనేయండి. తలుపులో బిగించిన లివర్ల తాళమైతే పనివాణ్ణి పిలవండి. దాని సంగతి అంతే.

ఇక పిన్నుల తాళం. దీని లోపల ఏముందో ఒకసారి ఊహించుకోండి. ఇది అర్థమైతే మిగతా పనంతా సులువైపోతుంది.

ఒక బయటి గొట్టం ఉంటుంది. దాని లోపల తిరిగే ఇత్తడి కడ్డీ ఉంటుంది. మనం చెవి దూర్చేది ఆ కడ్డీలోకే. కడ్డీ తిరిగితే తాళం తెరుచుకుంటుంది. ఇప్పుడు ఆ గొట్టానికీ, కడ్డీకీ కలిపి నిలువుగా సన్నటి రంధ్రాలు ఉంటాయి. మామూలుగా ఐదో ఆరో. ఒక్కో రంధ్రంలో కింద ఒక పిన్ను, దాని మీద ఇంకో పిన్ను, ఆ పైన సన్నటి స్ప్రింగు. చెవి లేనప్పుడు స్ప్రింగు కిందికి నొక్కుతుంది కాబట్టి పై పిన్ను సగం గొట్టంలో, సగం కడ్డీలో ఇరుక్కొని ఉంటుంది. కడ్డీ తిరగలేదు. అదే తాళం.

చెవి దూర్చగానే ఏమవుతుంది? స్కూల్లో గ్రూపు ఫోటో తీయించుకున్న రోజు గుర్తు తెచ్చుకోండి. పొట్టి పిల్లల్ని ఎత్తు బెంచీ మీద, పొడుగు పిల్లల్ని నేల మీద నిలబెట్టి, అందరి తలలూ ఒకే వరుసకు వచ్చేలా చూసేవారు కదా. ఇక్కడా అంతే. కింది పిన్నులు ఒక్కోటి ఒక్కో పొడవు. పొట్టి పిన్ను కింద చెవికి ఎత్తయిన పన్ను. పొడుగు పిన్ను కింద లోతైన గంటు. సరైన చెవి పెడితే కింది పిన్నుల తలలన్నీ కడ్డీ అంచుకు సరిగ్గా సమంగా వచ్చి నిలబడతాయి. పై పిన్నులన్నీ గొట్టంలోకి తప్పుకుంటాయి. అడ్డు తొలగింది, కడ్డీ తిరిగింది. ఒక్క పిన్ను కాస్త పైకి పోయినా, కాస్త కిందికి ఉన్నా, తిరగదు.

అంటే తాళానికీ చెవికీ ఉన్న సంబంధమంతా ఆ కింది పిన్నుల పొడవులోనే ఉంది. ఆ పిన్నులు మార్చారా, చెవి మారిపోయినట్టే. తాళం పెట్టె అదే, తలుపు అదే, హ్యాండిలూ అదే.

పిన్నులకు ఆరు రకాల ఎత్తులున్నాయనుకుందాం. ఐదు పిన్నుల తాళానికి లెక్క ప్రకారం 7,776 వేర్వేరు చెవులు సాధ్యం. అన్నీ పనికిరావు, కొన్ని తీసేయాలి. అయినా మీ ఇంటికి కొత్త చెవి ఒకటి దొరకడానికి ఆ లెక్క చాలు.

ఈ ఆలోచన ఇవాళ్టిది కాదు. చెక్క పిన్నులతో పనిచేసే తాళాలు ప్రాచీన ఈజిప్టులోనే ఉండేవి. ఆ పాత సూత్రాన్ని చిన్న లోహపు గొట్టంలోకి కుదించి, జేబులో పట్టే చదునైన చెవితో తెరుచుకునేలా చేసినవాడు అమెరికాకు చెందిన లైనస్ యేల్ జూనియర్. 1861లో, మళ్ళీ 1865లో దానికి పేటెంట్లు తీసుకున్నాడు. ఇవాళ మన ఫ్లాట్ల తలుపులకు ఉన్నది దాదాపు ఆయన తాళమే. మన దేశంలో అర్దేషిర్ గోద్రెజ్ బొంబాయిలో తాళాల తయారీ మొదలుపెట్టింది 1897లో.

ఇంటివాళ్ళే తాళం చెవిని మార్చుకోవచ్చన్న ఆలోచన మాత్రం యేల్ కంటే ముందే ఒకరికి వచ్చింది. ఆయన సాలమన్ ఆండ్రూస్. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం, పెర్త్ ఆంబాయ్ అనే ఊరు. వృత్తికి వైద్యుడు. ఆ ఊరికి మేయరుగా కూడా చేశాడు. 1860లలో గాలిలో ఎగిరే ఓడను కూడా తయారుచేసి ఎగరేశాడు. అలాంటి మనిషి 1836లో ఒక తాళం చేశాడు. ఇంటి యజమాని తనకు కావాలనుకున్నప్పుడు లోపలి అమరికను మార్చుకోవచ్చు, దానికి తగ్గట్టు చెవినీ మార్చుకోవచ్చు. ఆ పెర్త్ ఆంబాయ్‌కి దగ్గర్లోనే ఎడిసన్ ఉంది. మన తెలుగువాళ్ళు ఎంతోమంది ఇళ్ళు కొనుక్కొని ఉంటున్న ఊరు. అక్కడ ఇల్లు కొన్నవాళ్ళను అడగండి, గృహప్రవేశానికి ముందు చాలామంది చేసే పని తాళాల చెవులు మార్పించుకోవడం. అక్కడది మామూలు అలవాటు. ఆ అలవాటు మనకూ రావాలని నా కోరిక.

ఇప్పుడు పనిలోకి దిగుదాం. రెండు దారులున్నాయి. ఒకటి చాలా సులువు, రెండోది కాస్త ఓపికతో చేయాల్సినది. ఏ దారి అయినా ముందు ఒక్క నియమం. తలుపు తెరిచి ఉంచి పని చేయండి. మొదటి నుంచి చివరి దాకా తలుపు తెరిచే ఉండాలి. పరీక్షించి చూసేటప్పుడు కూడా. తలుపు మూసి పరీక్షిస్తే, ఏదైనా సరిగా కుదరకపోతే, లోపలివాళ్ళు లోపల, బయటివాళ్ళు బయట.

మొదటి దారి. మీ తలుపుకు హ్యాండిలూ, దాని కింద చెవి పెట్టే రంధ్రమూ ఒకే పలక మీద ఉన్నాయా? లోపలి వైపు నుంచీ, బయటి వైపు నుంచీ చెవి పడుతుందా? అయితే దాని లోపల సిలిండరు అనే చిన్న ముక్క ఉంటుంది. అరచేతిలో పట్టేంత. పిన్నులన్నీ అందులోనే. తాళం పెట్టె కదిలించకుండా ఆ ముక్క ఒక్కటి మార్చేస్తే చాలు.

తలుపు తెరవండి. తలుపు మందం వైపు, అంటే తాళం నాలుక బయటికి వచ్చే అంచు వైపు చూడండి. అక్కడ పొడుగాటి రేకు బిగించి ఉంటుంది. ఆ రేకులో, సరిగ్గా చెవి రంధ్రానికి ఎదురుగా ఒక స్క్రూ ఉంటుంది. రేకుని తలుపుకి పట్టి ఉంచే స్క్రూలు వేరు, వాటి జోలికి వెళ్ళకండి. సిలిండరుకి ఎదురుగా ఉన్నది ఒక్కటే విప్పండి. పొడుగ్గా ఉంటుంది, మొత్తం బయటికి వచ్చేదాకా విప్పండి. ఇప్పుడు చెవి దూర్చి, కొంచెం, చాలా కొంచెం పక్కకు తిప్పుతూ మెల్లిగా లాగండి. సిలిండరు మధ్యలో చిన్న పన్ను ఉంటుంది. అది సిలిండరు ఒంటితో సమంగా వస్తేనే బయటికి జారుతుంది. రాకపోతే బలం చేయకండి. చెవిని ఇంకాస్త అటో ఇటో తిప్పి చూడండి. ఆ పన్ను దారికి రాగానే సిలిండరు దానంతటదే చేతిలోకి వచ్చేస్తుంది. మొదటిసారి అలా వచ్చినప్పుడు, ఇంత చిన్న ముక్కకా మనం ఇన్నాళ్ళూ భయపడింది అనిపిస్తుంది.

ఇక కొలత. ఇక్కడ చాలామంది పొరబడతారు కాబట్టి జాగ్రత్తగా వినండి. మొత్తం పొడవు ఒక్కటి కొలిస్తే చాలదు. మధ్యలో స్క్రూ పట్టే రంధ్రం ఉంటుంది కదా, అక్కడి నుంచి ఒక కొస దాకా ఎంత, రెండో కొస దాకా ఎంత, రెండూ విడివిడిగా కొలవాలి. రెండు వైపులా 30 మిల్లీమీటర్లు ఉండొచ్చు. ఒకవైపు 30, ఇంకోవైపు 40 ఉండొచ్చు. రెండు వైపుల కొలతలూ కాగితం మీద రాసుకొని, ఫోన్లో ఫోటో తీసుకొని, సిలిండరుని తిరిగి తలుపులో పెట్టేసి అప్పుడు షాపుకు వెళ్ళండి. తలుపును బోసిగా వదిలి వెళ్ళకండి.

కొత్తది పెట్టాక బయటి వైపు అది పలక కంటే పొడుచుకొని ఉండకూడదు. రెండు మూడు మిల్లీమీటర్లు మించితే దొంగ దాన్ని పనిముట్టుతో పట్టి మధ్యలోకి విరిచేయగలడు. స్క్రూ రంధ్రం ఉన్న చోట ఆ ముక్క బలహీనంగా ఉంటుంది మరి. అందుకే సరైన కొలత కావాలి.

పైసా ఖర్చు లేని ఉపాయం కూడా ఒకటుంది. చాలా ఫ్లాట్లలో పడకగదుల తలుపులకు కూడా ఇదే రకం సిలిండర్లు వేస్తారు. కొలత ఒకటే అయితే వీధి తలుపు సిలిండరుని పడకగదికి, పడకగదిది వీధి తలుపుకి మార్చేయండి. పోయిన చెవి ఇక మీ పడకగదిని మాత్రమే తెరుస్తుంది. వీధి తలుపు దాటితే కదా పడకగది దాకా రావడం! కొలత మాత్రం చూసుకోండి, వీధి తలుపు మందంగా ఉంటే ఇది కుదరకపోవచ్చు. కుదిరితే ఈ రాత్రికే నిశ్చింతగా పడుకోవచ్చు. కొత్త సిలిండరు సంగతి తీరిగ్గా చూసుకోవచ్చు.

కొత్త సిలిండరు కొనేటప్పుడు పెద్దవాళ్ళున్న ఇళ్ళ గురించి ఒక మాట. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు, ఊళ్ళో అమ్మానాన్నలు ఇద్దరే ఉంటారు. రాత్రి లోపల చెవి పెట్టి తిప్పి, అలాగే వదిలేసి పడుకుంటారు. చాలా సిలిండర్లలో లోపల చెవి ఉంటే బయటి నుంచి ఇంకో చెవి పనిచేయదు. ఆ రాత్రి నాన్నకి ఒంట్లో బాగాలేకపోతే, పక్కింటివాళ్ళ దగ్గర చెవి ఉన్నా లోపలికి రాలేరు. అందుకని లోపలి వైపు చెవికి బదులు, చేత్తో తిప్పే గుండ్రటి నాబు ఉన్న సిలిండరు అడగండి. లోపలి నుంచి చెవి వెతుక్కోకుండా తెరవొచ్చు, అగ్గి అంటుకున్నా పొగలో తడుముకోనక్కర్లేదు. బయటి నుంచి పక్కింటివాళ్ళ చెవీ పనిచేస్తుంది. దయచేసి ఈ ఒక్క సంగతి మీ అమ్మానాన్నల కోసం గుర్తుపెట్టుకోండి.

ఇక రెండో దారి. సిలిండరు మార్చకుండా లోపలి పిన్నులే మార్చడం. నైట్ లాచ్ ఉన్నవాళ్ళకీ, అమెరికాలో ఉన్న మనవాళ్ళకీ ఎక్కువగా పనికొస్తుంది. అక్కడ కంపెనీని బట్టి పిన్నుల పొట్లం, కొత్త చెవులు, చిన్న పనిముట్లు కలిపి ఒక పెట్టెగా అమ్ముతారు. మీ తాళం ఏ కంపెనీదో అదే కంపెనీకి సరిపడే పెట్టె తెచ్చుకోవాలి. పిన్నులు ముట్టుకోకుండానే చెవి మార్చుకునే తాళాలూ అక్కడ ఉన్నాయి. పాత చెవి పెట్టి పావు వంతు తిప్పి, పక్కనున్న సన్నటి సందులో ఒక పుల్ల గట్టిగా నొక్కి తీసి, పాత చెవి లాగి కొత్తది పెట్టి తిప్పితే అయిపోతుంది. అయితే పాత చెవి ఒకటైనా మీ దగ్గర ఉండాలి.

పిన్నులు మార్చే పని ఇలా సాగుతుంది. ముందు సిలిండరు తలుపులోంచి తీసి తెచ్చుకొని, బల్ల మీద తెల్లటి తువ్వాలు పరుచుకోండి. ఎందుకంటే ఆ స్ప్రింగులు వెంట్రుకంత సన్నగా ఉంటాయి. ఎగిరి కింద పడితే మళ్ళీ దొరకవు. కడ్డీ వెనక కొసన ఒక చిన్న రింగో, మరో బిగింపో ఉంటుంది, దాన్ని తీయాలి. తర్వాత పాత చెవి పెట్టి కొంచెం పక్కకు తిప్పాలి. తిప్పి ఉంచడం ముఖ్యం. అలా తిప్పితే పై పిన్నులు కడ్డీ రంధ్రాల్లోకి జారవు. ఇప్పుడు కడ్డీ మందమే ఉన్న ఒక గుండ్రటి కర్రముక్కను వెనక నుంచి నెట్టాలి. కర్ర లోపలికి పోతుంటే కడ్డీ ముందుకు వస్తుంది. రెండింటి మధ్య సందు రానివ్వకండి. మళ్ళీ చెబుతున్నాను, కర్రకీ కడ్డీకీ మధ్య సందు రాకూడదు. వచ్చిందా, పైనున్న స్ప్రింగులూ పిన్నులూ కిందికి రాలిపోతాయి, మళ్ళీ అమర్చడానికి మధ్యాహ్నమంతా పడుతుంది. కర్ర గొట్టంలోనే ఉండాలి, కడ్డీ మీ చేతిలో ఉండాలి.

ఇప్పుడు పాత చెవి తీసి, కడ్డీలోని పాత కింది పిన్నులు తువ్వాలు మీదికి వంచేయండి. కొత్త చెవి పెట్టండి. ఒక్కో రంధ్రంలో కొత్త పిన్ను వేసి చూడండి. పిన్ను తల కడ్డీ అంచుకు సమంగా ఉండాలి. వేలితో తడిమితే తెలుస్తుంది, ఎత్తుగా తగలకూడదు, గుంటగానూ ఉండకూడదు. అన్నీ సమంగా వచ్చాయా? అయితే కొత్త చెవి తీయకుండా, కాస్త పక్కకు తిప్పి పట్టుకొని, కడ్డీతో ఆ కర్రను వెనక్కి నెడుతూ తిరిగి దూర్చండి. రింగు పెట్టేయండి. అంతా బిగించేదాకా చెవి లాగకండి.

మన ఊళ్ళలో ఈ పిన్నులు విడిగా ప్రతి షాపులో దొరకవు. కానీ మన తాళాల పనివాళ్ళు ఒక ఉపాయం చేస్తారు. ఉన్న పిన్నుల్నే స్థానాలు మార్చి వేస్తారు. మొదటిది నాలుగులో, నాలుగోది రెండులో, అలా. ఆ కొత్త వరుసకు సరిపడేలా ఖాళీ చెవిని ఆకురాయితో కొంచెం కొంచెం రాస్తూ, పిన్నుల తలలు అంచుకు వచ్చేదాకా అరగదీస్తారు. కళ్ళు, వేళ్ళు తప్ప కొలబద్దేమీ లేకుండా చేసే ఆ పనితనం చూసి తీరాల్సిందే. బజారు మూలన చెట్టుకింద గొడుగు వేసుకొని కూర్చునే ఆ మనిషికి మనం ఇవ్వాల్సిన విలువ ఇవ్వడం లేదని నాకెప్పుడూ అనిపిస్తుంది. మీకు పిన్నుల పని చేతకాకపోతే సిలిండరు మీరే ఊడదీసి ఆయన దగ్గరికి తీసుకెళ్ళండి. ఎదురుగా కూర్చొని చేయించుకోండి. నేర్చుకున్నట్టూ ఉంటుంది, పని మీ కళ్ళముందు జరిగినట్టూ ఉంటుంది.

పని అయ్యాక పరీక్ష. తలుపు తెరిచే ఉంది కదా? కొత్త చెవులన్నీ ఒక్కొక్కటిగా, రెండు వైపుల నుంచీ పెట్టి తిప్పండి. పట్టేసినట్టు అనిపిస్తే స్క్రూ కాస్త వదులు చేసి చూడండి, చాలాసార్లు గట్టిగా బిగించడం వల్లే అలా అవుతుంది. ఆ తర్వాత పాత చెవి పెట్టి తిప్పండి. అది తిరగకూడదు. ఈ రెండో పరీక్ష మరిచిపోకండి. కొత్తది తిరగడం సగం పని, పాతది తిరగకపోవడం మిగతా సగం.

తాళం బిరుసుగా ఉందని కొబ్బరినూనె పోయకండి. మన ఇళ్ళలో ఈ అలవాటు చాలా ఉంది. ఆ రోజుకి జారుతుంది కానీ, నూనె దుమ్ముని పట్టి, జిడ్డుకట్టి, ఆ చిన్న పిన్నుల్ని కదలనివ్వదు. మెత్తటి పెన్సిలు ముల్లుని చెవి గంట్ల మీద బాగా రుద్ది, నాలుగైదుసార్లు లోపలికీ బయటికీ ఆడించండి. ఆ నల్లటి పొడి గ్రాఫైటు. తాళానికి కావాల్సింది అదే.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు ఈ పని చేసే ముందు ఇంటివాళ్ళకి ఒక మాట చెప్పండి. పాత సిలిండరు దాచిపెట్టి, ఖాళీ చేసేటప్పుడు తిరిగి పెట్టేస్తే గొడవే ఉండదు. ఇంటి యజమానులకైతే నా విన్నపం, అద్దెవాళ్ళు మారిన ప్రతిసారీ మీరే మార్చి ఇవ్వండి. కొత్తగా వచ్చే ఆడపిల్లలకి, చిన్న పిల్లలున్న కుటుంబానికి, ఈ ఇంటి చెవి మీ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదని చెప్పగలగడం చిన్న విషయం కాదు.

కొత్త చెవులు వచ్చాక ఎన్ని ఉన్నాయో, ఎవరి దగ్గర ఏది ఉందో ఒక కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోండి. చెవి మీద మాత్రం ఇంటి నంబరు, చిరునామా రాయకండి. ఒకటి నమ్మకమైన పక్కింటివాళ్ళకి ఇవ్వండి. పనిచేసే అమ్మాయికి ఇదివరకు ఒకటి ఇచ్చి ఉంటే, కొత్తదీ ఆమెకి మీ చేత్తోనే ఇవ్వండి. పాతది పోయింది కాబట్టి అందరివీ మార్చామని చెప్పండి. పాత చెవులన్నీ ఇత్తడివైతే పాత సామాన్లవాడు తూకానికి తీసుకుంటాడు.